అరవైకీ ఎనభైకీ మధ్య

బళ్లారి నుంచి గుంతకల్లు సుమారు 50 కిలోమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోతే 50 నిమిషాలు, 80 చొప్పున పోతే దాదాపు 38 నిమిషాలు పడుతుంది. కలిసొచ్చేది 12 నిమిషాలు. దానికి ఏం పణంగా పెడుతున్నామో భౌతికశాస్త్రం లెక్కగట్టి చెబుతుంది.

దారికి అడ్డంగా గొర్రెల మంద వచ్చిందనుకోండి. కన్ను చూసి, మెదడు తేల్చుకుని, కాలు బ్రేకు మీద పడాలి. రోడ్డు ఇంజనీర్లు దీనికి రెండున్నర సెకన్లు వేసుకుంటారు. ఆలోగా 60లో ఉన్న బండి 42 మీటర్లు, 80లో ఉన్నది 56 మీటర్లు పోతుంది. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. పైగా బ్రేకు వేశాక బండి సాగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగు రెట్లు. అందుకే 60కి 80, 80కి 120, 100కి 180 మీటర్ల మేర ముందున్న రోడ్డు కనబడాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం పెట్టింది.

మంద 80 మీటర్ల దూరంలో ఉంటే 60లో వచ్చినవాడు దాని ముందు ఆగిపోతాడు. 80లో వచ్చినవాడికి బ్రేకు పట్టడానికి మిగిలేది 24 మీటర్లే. మందను తాకేసరికి బండి ఇంకా 60కి పైబడిన వేగంలోనే ఉంటుంది. అది నాలుగైదు అంతస్తుల మేడ మీంచి పడినంత దెబ్బ.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాలు ఇవి: డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు 100, లారీలకూ మోటారు సైకిళ్లకూ 80. మామూలు రోడ్ల మీద కార్లకు 70, మిగతా రెంటికీ 60. రాష్ట్రాలు వీటిని తగ్గించవచ్చు. సరిహద్దు దాటాక బోర్డు మీద కన్నడం పోయి తెలుగు వస్తుంది గానీ, ఎర్ర వలయంలోని అంకెకు రెండు వైపులా ఒకటే అర్థం: అంతకు మించరాదు.

ఆ అంకె మంచి రోడ్డుకూ పట్టపగలుకూ చెప్పిన హద్దు. సండూరు, తోరణగల్లు దారుల్లో ఖనిజం లారీల నుంచి రాలిన ఎర్రమట్టి టైరు పట్టును తగ్గిస్తుంది. సిరుగుప్ప వైపు వడ్ల ట్రాక్టర్లకు వెనక దీపాలు లేకపోవచ్చు. రాత్రి డిమ్‌లైటు వెలుగు యాభై అరవై మీటర్లకు మించి అందదు. 60లో ఆగడానికి 80 మీటర్లు కావాలి కదా! అందుకే అలాంటి రాత్రి 60 కూడా ఎక్కువే.

బోర్డు మీది అంకెను అందుకోవలసిన లక్ష్యంగా చూడకండి. కంటికి ఆనినంత మేరలో ఆగగలిగే వేగంలోనే బండి నడపండి. పన్నెండు నిమిషాలు ముందు బయలుదేరితే ఆ తొందరే ఉండదు.