భూతల డిజిటల్ టెలివిజన్ రిసీవరు

భూతల డిజిటల్ టెలివిజన్ రిసీవరు అనగా, ప్రసార కేంద్రపు టవరు నుండి గాలిలో వచ్చే డిజిటల్ సంకేతాలను ఇంటి యాంటెన్నా ద్వారా గ్రహించి, బొమ్మగాను ధ్వనిగాను మార్చి టీవీకి అందించే పరికరము. దీనికి కేబుల్ తీగ గాని, ఉపగ్రహ డిష్ గాని అవసరము లేదు. పాత టీవీకి జతచేసే సెట్‌టాప్ బాక్సుగాను, కొత్త టీవీల లోపలే అమర్చిన ట్యూనరుగాను ఇది లభిస్తుంది. ఐరోపాలో డీవీబీ-టీ, దాని తరువాతి రూపమైన డీవీబీ-టీ2, అమెరికాలో ఏటీఎస్‌సీ, జపానులో ఐఎస్‌డీబీ-టీ అనే ప్రమాణాలు వాడుకలో ఉన్నవి.

ఈ పరికరాన్ని కొన్ని దేశాల ప్రజలు ఆదరించారు, కొన్నిచోట్ల పట్టించుకోలేదు. ఒకే దేశములో, అవే టవర్ల నుండి, ఒకసారి విఫలమై వెంటనే మరొక రూపములో విజయము పొందిన ఉదాహరణ బ్రిటన్. కారణాలు అక్కడ స్పష్టముగా కనబడుతున్నందున ఈ వ్యాసములో ఆ దేశానికే ఎక్కువ చోటు ఇవ్వబడినది.

అంచు ప్రభావము

అనలాగ్ టీవీలో సంకేతము బలహీనపడితే బొమ్మ మీద చుక్కలు పడేవి, నీడలు కనబడేవి. అయినా కథ అర్థమయ్యేది. ఒకరు మేడ ఎక్కి యాంటెన్నా త్రిప్పుతూ "వచ్చిందా?" అని అడగడము, క్రింద ఉన్నవారు "ఇంకొంచెం" అని కేకవేయడము 1980లలో తెలుగువారి ఇళ్ళలో సర్వసాధారణము. బొమ్మ కొద్దికొద్దిగా మెరుగుపడడము కంటికి తెలుస్తుంది కనుక ఆ పద్ధతి పనిచేసేది.

డిజిటల్ ప్రసారములో ఈ మెట్లు ఉండవు. సంకేతముతోపాటు దోషాలను సరిదిద్దే అదనపు సమాచారము కూడా వస్తుంది. దోషాలు ఒక హద్దులోపల ఉన్నంతవరకు బొమ్మ నిర్మలముగా ఉంటుంది. హద్దు దాటగానే బొమ్మ చదరపు ముక్కలుగా విరిగి, శబ్దము తెగి, తెర నల్లబడుతుంది. కొండ అంచు నుండి జారిపడినట్లు ఒక్కసారిగా జరిగే ఈ మార్పునే అంచు ప్రభావము అంటారు. పాత టీవీలో కొంచెం మసకగానైనా కనబడిన ఛానెల్ కొత్త బాక్సులో అసలే రాకపోతే, వినియోగదారుడు తన యాంటెన్నాను అనుమానించడు. బాక్సు చెడ్డదని దుకాణములో తిరిగి ఇచ్చివేస్తాడు.

బ్రిటన్: ఆన్‌డిజిటల్ పతనము

బ్రిటన్‌లో కార్ల్‌టన్, గ్రనాడా సంస్థల ఉమ్మడి యాజమాన్యములో ఆన్‌డిజిటల్ అనే చందా సేవ 1998 నవంబరు 15న ప్రారంభమైనది. దానికి నెలన్నర ముందే స్కై సంస్థ తన ఉపగ్రహ డిజిటల్ సేవను మొదలుపెట్టి, ఎన్నో రెట్లు ఎక్కువ ఛానెళ్ళను అందించసాగింది. పోటీ తీవ్రమై 1999లో రెండు సంస్థలూ చందాదారులకు బాక్సులను ఉచితముగా ఇవ్వవలసి వచ్చినది. ఆన్‌డిజిటల్ ఫుట్‌బాల్ లీగ్ పోటీల హక్కులకు మూడేళ్ళకుగాను 31 కోట్ల 50 లక్షల పౌండ్లు ఒప్పుకొన్నది. నకిలీ చందా కార్డులు కూడా విస్తరించాయి. 2001లో ఐటీవీ డిజిటల్ అని పేరు మార్చుకొన్న ఈ సేవ 2002 మే 1న చందా ఛానెళ్ళను నిలిపివేసినది. అప్పటికి దానికి సుమారు 12 లక్షల చందాదారులు ఉండేవారు.

ఫుట్‌బాల్ ఒప్పందమే సంస్థను ముంచిందని సాధారణముగా చెబుతారు. అది నిజమే గాని సగము మాత్రమే. ప్రేక్షకుని ఇంట్లో జరిగినది వేరు. అనలాగ్ ప్రసారాలు ఇంకా నడుస్తున్నందున, వాటికి అడ్డురాకుండా డిజిటల్ సంకేతాలను తక్కువ శక్తితో పంపవలసి వచ్చేది. పాత యాంటెన్నాలు, నాసిరకపు తీగలు ఉన్న ఇళ్ళలో ఆ సంకేతము హద్దు దగ్గరే ఊగిసలాడేది. ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలైనా, వీధిలో మోపెడ్ వెళ్ళినా బొమ్మ స్తంభించేది. నెలనెలా డబ్బు చెల్లించేవాడు దీనిని సహించడు.

ఫ్రీవ్యూ: తగ్గించి గెలవడము

అదే 2002లో అక్టోబరు 30న బీబీసీ, క్రౌన్ కాజిల్, బీస్కైబీ కలిసి ఫ్రీవ్యూ సేవను ప్రారంభించాయి. నెలసరి చందా లేదు, కార్డు లేదు. టీవీ లైసెన్సు రుసుము ఎటూ అందరూ చెల్లించేదే కనుక, బాక్సు ఒక్కసారి కొనుక్కొంటే చాలు. అప్పటికే పేస్ సంస్థ 99 పౌండ్లకు ఒక సాదా బాక్సును దుకాణాలలోకి తెచ్చినది. తరువాత ధరలు ఇంకా తగ్గాయి. మూతపడిన ఐటీవీ డిజిటల్ బాక్సులు కూడా ఉచిత ఛానెళ్ళను చూపుతూనే ఉన్నాయి.

అంతకన్నా ముఖ్యమైన మార్పు కంటికి కనబడనిది. ఆరు ప్రసార సముదాయాలలో నాలుగింటిని 64-క్వామ్ అనే పద్ధతి నుండి 16-క్వామ్‌కు మార్చారు. మొదటిదానిలో ఒక్కొక్క సంజ్ఞ 6 బిట్ల సమాచారము మోస్తుంది, రెండవదానిలో 4 మాత్రమే. ఫలితముగా ఒక సముదాయపు సామర్థ్యము సెకనుకు సుమారు 24 మెగాబిట్ల నుండి 18కి పడిపోయినది. నల్లబల్ల మీద సన్నగా వ్రాస్తే ఎక్కువ వాక్యాలు పడతాయి గాని వెనుక బెంచీవారికి కనబడవు; పెద్దక్షరాలతో వ్రాస్తే తక్కువ పడతాయి, అందరూ చదువుతారు. ఇదీ అంతే. ప్రసార శక్తిని కూడా కొంత పెంచారు. కొన్ని ఛానెళ్ళకు చోటు పోయినా, వచ్చేవి నిలకడగా వచ్చాయి.

తరువాత అనలాగ్ ప్రసారాల తొలగింపు 2007లో వైట్‌హేవెన్ పట్టణములో మొదలై 2012 అక్టోబరు 24న ఉత్తర ఐర్లండ్‌లో ముగిసినది. 75 ఏళ్ళు దాటిన వారికి, వికలాంగులకు బాక్సు ఇచ్చి, ఇంటికి వచ్చి అమర్చి, వాడడము నేర్పే సహాయ పథకాన్ని బీబీసీ నడిపినది. అనలాగ్ అడ్డు తొలగిన పిదప పూర్తి శక్తితో మళ్ళీ 64-క్వామ్‌ను వాడగలిగారు.

అమెరికా అనుభవము

అమెరికాలో సమస్య మరొక విధముగా వచ్చినది. అక్కడి 8-వీఎస్‌బీ పద్ధతి దూరప్రాంతాలకు అనుకూలము. కాని నగరాలలో భవనాలకు తగిలి వచ్చే ప్రతిధ్వని తరంగాలను తొలితరం రిసీవర్లు తట్టుకోలేకపోయాయి. 1999లో సింక్లెయిర్ ప్రసార సంస్థ బాల్టిమోర్‌లో పరీక్షలు జరిపి, ఐరోపా పద్ధతిని కూడా అనుమతించవలెనని కోరినది. ప్రభుత్వము అంగీకరించలేదు. తరువాతి చిప్పులలో ఈ లోపము చాలావరకు సవరించబడినది.

అనలాగ్ తొలగింపు కొరకు ప్రతి కుటుంబానికి 40 డాలర్ల కూపన్లు రెండు ఇచ్చారు. వాటి గడువు 90 రోజులే. 2009 జనవరిలో నిధులు హద్దుకు చేరి, దరఖాస్తుదారులు వరుసలో నిలవవలసి వచ్చినది. ఫిబ్రవరి 17 గడువును చట్టము ద్వారా జూన్ 12కు మార్చారు. తీరా మారిన రోజున చికాగోలో 7వ ఛానెల్, ఫిలడెల్ఫియాలో 6వ ఛానెల్ చాలా ఇళ్ళలో రాలేదు. డిజిటల్ యాంటెన్నా అని అమ్మినవాటిలో పలు రకాలు యూహెచ్‌ఎఫ్‌కు మాత్రమే పనికివచ్చేవి. ఆ రెండు కేంద్రాలు వీహెచ్‌ఎఫ్‌లో ఉన్నవి. ఛానెళ్ళను మళ్ళీ వెదకమని బాక్సుకు చెప్పాలన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

భారతదేశములో

భారతదేశములో ఈ రిసీవరు దాదాపు అపరిచితము. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ఛానెళ్ళు వచ్చిన తరువాత మేడమీది యాంటెన్నా స్థానాన్ని కేబుల్ ఆక్రమించినది. 2004 డిసెంబరులో దూరదర్శన్ తానే డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో, చందా లేని డిష్ సేవను మొదలుపెట్టినది. అదే నేటి డీడీ ఫ్రీ డిష్. హైదరాబాదు, విశాఖపట్నము నగరాలలో కేబుల్ డిజిటలీకరణకు గడువు 2013 మార్చి 31. దూరదర్శన్ 2016లో 16 నగరాలలో డీవీబీ-టీ2 ప్రసారాలను ప్రకటించే సమయానికి, ఉచితముగా చూడదలచినవారికి డిష్, డబ్బు చెల్లించగలవారికి కేబుల్ ఇంట్లో ఉండనే ఉన్నవి. కొత్త రిసీవరు కొన్నా ప్రధానముగా వచ్చేవి దూరదర్శన్ ఛానెళ్ళే. కొనేవారు లేరని తయారీదారులు, దుకాణాలలో దొరకదని ప్రేక్షకులు మిన్నకున్నారు.

ఇటీవల ఏటీఎస్‌సీ 3.0 ఆధారముగా ఫోనుకే నేరుగా ప్రసారము చేసే డీ2ఎమ్ ప్రయోగాలు జరిగాయి. అందుకు ప్రతి ఫోనులో అదనపు చిప్పు ఉండాలి. దానివలన ధర పెరుగుతుందని, బ్యాటరీ మీద భారము పడుతుందని 2023లో పెద్ద ఫోను, చిప్పు తయారీ సంస్థలు ప్రభుత్వానికి అభ్యంతరము తెలిపాయి.