నీటి మీద ఆడే బొమ్మలు: హనోయిలో ఒక రోజు



ఈ సెలవుల్లో పిల్లలతో వియత్నాం వెళ్తున్నారా? రాజధాని హనోయిలో ఒక రోజును ఇలా గడపండి.

ఉదయం: ఎథ్నాలజీ మ్యూజియం చూడండి. వియత్నాం ప్రభుత్వం గుర్తించిన జాతులు 54. కిన్ ప్రజలు అధిక సంఖ్యాకులు, మిగతా 53 మైనారిటీ జాతులు. మ్యూజియం ఆవరణలో ఎదె జాతివారి పొడవాటి ఇల్లు ఉంది. "ఇంత పొడవెందుకు?" అని పిల్లలను అడిగి, ఊహించనివ్వండి. ఎదెలలో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. పెళ్లయ్యాక అల్లుడే అత్తవారింటికి వస్తాడు. కుటుంబం పెరిగేకొద్దీ ఇంటినీ పొడిగిస్తారు.

సాయంత్రం: థాంగ్ లాంగ్ థియేటర్‌లో నీటి బొమ్మలాటకు వెళ్లండి. ఇది ఎర్ర నది డెల్టాలోని కిన్ వరి రైతుల కళ. 1121 నాటి శాసనంలోనే దీని ప్రస్తావన ఉంది. కళాకారులు తెర వెనుక నడుము లోతు నీళ్లలో నిలబడి, నీటి అడుగున పొడవాటి కర్రలతో చెక్క బొమ్మలను ఆడిస్తారు. ఆట ముగిశాక తెర దాటి వచ్చి నమస్కరిస్తారు. ఆ చేతులు ఎవరివో పిల్లలకు అప్పుడే తెలుస్తుంది.

తిరిగొచ్చాక: "మనకూ ఇలాంటిది ఉందా?" అని పిల్లలు అడగవచ్చు. ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. హనోయి కన్నా ఆ ఊరు మనకు చాలా దగ్గర. అక్కడికీ ఒక రోజు కేటాయించండి.