ఇంటిపని ఎవరి పని?

పత్తి ఏరే కాలంలో మన పరకాల చుట్టుపక్కల ఊళ్లలో భార్యాభర్తలిద్దరూ చేనుకు పోతారు. పొద్దుగూకి ఇద్దరూ ఇల్లు చేరుతారు. ఆయన మంచం వాల్చుకుంటాడు, ఆమె పొయ్యి ముట్టిస్తుంది. పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లింది, బోళ్లు తోమింది, నీళ్లు పట్టింది కూడా ఆమే. చేనులో పనికి కూలి లెక్క ఉంది. ఇంట్లో పనికి లెక్క లేదు. ఆ లెక్క ఎట్లా కడతారో, ఇతర దేశాల్లో ఆలుమగలు ఈ పనిని ఎట్లా పంచుకుంటున్నారో, మేము చదివి తెలుసుకున్నది మన హాస్టల్ మిత్రులకు చెప్పాలనుకుంటున్నాం.

నిమిషాల లెక్క

జాతీయ గణాంక కార్యాలయం 2019లో, మళ్లీ 2024లో సమయ వినియోగ సర్వే చేసింది. ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుండి మరునాడు 4 గంటల దాకా ఏమేమి చేశారో అరగంటల వారీగా అడిగి రాసుకుంటారు. పెళ్లయినవారే కాదు, ఆరేళ్లు నిండిన అందరూ ఇందులోకి వస్తారు.

2019లో నూరు మంది ఆడవాళ్లలో 81 మంది ఇంటిపని చేస్తే, నూరు మంది మగవాళ్లలో 26 మందే చేశారు. చేసిన ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసిన మగవాళ్లకు 97 నిమిషాలు పట్టింది. ఇది చూసి తేడా మూడింతలే అనుకోవద్దు. అసలే పని ముట్టని 74 మంది మగవాళ్లు ఆ సగటులో లేరు. వాళ్లను కూడా కలిపితే ఆడవాళ్లకు 243 నిమిషాలు, మగవాళ్లకు 25 నిమిషాలు. అంటే దాదాపు పదింతలు!

2024 నాటికి చేసేవాళ్ల సగటు ఆడవాళ్లకు 289 నిమిషాలకు, మగవాళ్లకు 88 నిమిషాలకు వచ్చింది. ఇద్దరికీ కొంచెం తగ్గింది గాని పంపకం మారలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం గ్యాస్ పొయ్యి ఇచ్చింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఇంటికి నల్లా తెచ్చింది. పొగ, మోత తగ్గాయి. అయినా నల్లా కింద బిందె పెట్టేది ఎవరు? వస్తువు పనిని తేలిక చేస్తుంది, పంచిపెట్టదు.

ఇతర దేశాల్లో

డబ్బున్న దేశాల్లో పని తనంతట తానే పంచుకోబడుతుందా అంటే, లేదు. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ లెక్కల్లో జపాన్ స్త్రీలు పిల్లల పని, కొనుగోళ్లతో సహా రోజుకు సుమారు 224 నిమిషాలు జీతం లేని పని చేస్తే, పురుషులు 41 నిమిషాలే చేస్తున్నారు. స్వీడన్‌లో స్త్రీలు సుమారు 220, పురుషులు 171. అక్కడ కూడా సమానం కాలేదు, కాని దగ్గరికి వచ్చారు.

దీని వెనుక చట్టం ఉంది. బిడ్డ పుడితే తల్లికైనా తండ్రికైనా సెలవు అని స్వీడన్ 1974లోనే చట్టం చేసింది. అయినా ఎక్కువగా తల్లులే తీసుకున్నారు. 1993లో నార్వే నాలుగు వారాలను తండ్రికే కేటాయించింది. తండ్రి వాడకపోతే అవి పోతాయి. దాంతో కొద్ది ఏళ్లలోనే ఎక్కువమంది తండ్రులు ఇంటిపట్టున ఉండి బిడ్డను చూసుకోసాగారు. స్వీడన్ 1995లో అదే దారి పట్టింది. క్యూబా 1975లో, స్పెయిన్ 2005లో ఇంటిపని భార్యాభర్తలిద్దరి బాధ్యత అని చట్టంలోనే రాసుకున్నాయి. ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబర్ 24న నూటికి 90 మంది స్త్రీలు బయటిపని, ఇంటిపని రెండూ ఆపేశారు. ఆ ఒక్కరోజుతో ఆ పని విలువ దేశమంతటికీ తెలిసింది.

మన సుప్రీంకోర్టు కూడా 2021 జనవరిలో, ప్రమాదంలో చనిపోయిన గృహిణి చేసిన పనికి విలువ కట్టి పరిహారం లెక్కించాలని చెప్పింది. ఆ తీర్పులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ పైన చెప్పిన 299, 97 నిమిషాల లెక్కనే ఉదహరించారు.

మన సంగతి

'మగవానికి ఇంటిపని చేతకాదు' అనే మాటకు మన హాస్టలే జవాబు. ట్రంకు పెట్టెతో వచ్చిన చిన్న పిల్లవాడు నెల తిరిగేసరికి తన బట్టలు తాను పిండుకుంటాడు, తన ప్లేటు తాను కడుక్కుంటాడు, గది ఊడుస్తాడు. అంటే ఇది పుట్టుకతో వచ్చేది కాదు, అలవాటుతో వచ్చేది. అదే పిల్లవాడు దసరా సెలవులకు ఇంటికి పోతే ఆ ప్లేటు అమ్మ చేతికో చెల్లె చేతికో ఎందుకు పోవాలి?

చెల్లె సంగతి ఇంకా ముఖ్యం. ఆడపిల్లల హాస్టల్లో ఉంటే ఆమెకు సాయంత్రం స్టడీ అవర్ దొరుకుతుంది. ఇంట్లో ఆ గంట బోళ్ల దగ్గర పోతుంది. మేము మా ఇండ్లలో డిగ్రీ చూసిన మొదటివాళ్లం. మా పుస్తకాల ముందు గడిచిన ప్రతి గంట వెనుక అమ్మ చేసిన లెక్కలేని గంట ఉంది.

కనుక తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వచ్చే సెలవుల్లో ఒక తెల్లకాగితం మీద రోజును 48 అరగంటలుగా గీయండి. ఇంట్లో ఎవరు ఏ అరగంటలో ఏ పని చేశారో మూడు రోజులు రాయండి. నాలుగో రోజు అమ్మ గడుల్లోంచి రెండు, చెల్లె గడుల్లోంచి ఒకటి మగపిల్లలు తీసుకోండి. రేపు మీకు పెళ్లయ్యాక కూడా ఆ గడులు మీ పేరు మీదే ఉండనివ్వండి.