జైతూన్ రేవు, పదమూడు గదుల ఓడ

ఇబ్న్ బతూతా పేరు మన ఇళ్ళలో కొత్తది కాదు. 1340ల తొలినాళ్ళలో ఆయన కాలికట్ చేరేసరికి రేవులో పదమూడు చైనా ఓడలు లంగరు వేసి ఉన్నాయి. వాటిలో పెద్ద రకం వెయ్యి మందిని మోస్తుందనీ, చైనాలో జైతూన్, సీన్ కలాన్ రేవుల్లో తప్ప ఎక్కడా తయారు కాదనీ ఆయన సఫర్‌నామా చెబుతుంది. రెండు చెక్క గోడలు, వాటిని కలుపుతూ లావాటి దూలాలు, పొడవాటి ఇనుప మేకులు! కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన అరబ్బు ఓడలు ఎరిగిన మనిషికి అది వింతే. చదువుకునే రోజుల్లో మాకూ నమ్మకం కుదరలేదు.

జైతూన్ అంటే నేటి ఛ్వాన్‌జౌ. దాని సమీపాన హౌజూ రేవు బురదలో 1973లో ఒక పాత ఓడ బయటపడింది. మరుసటి ఏడాది తవ్వి తీశారు. పైభాగం పోయింది, మిగిలినదే సుమారు 24 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అందులో దొరికిన నాణేలలో అన్నిటికంటే కొత్తవి 1271 నాటివి. మిరియాలు, గవ్వలు, రెండు టన్నులకు పైగా సుగంధపు కర్రలు, సరుకు ఎవరిదో రాసిన చెక్క బిళ్ళలు కూడా దొరికాయి.

అసలు విశేషం ఓడ కడుపులో ఉంది. పన్నెండు అడ్డుగోడలు దాన్ని పదమూడు గదులుగా విభజించాయి. ఒక గదికి చిల్లి పడితే నీరు అక్కడే ఆగాలి, ఓడ తేలుతూ ఉండాలి. మామూలుగా ఊరిన నీరు పారడానికి గోడల అడుగున చిన్న తూములు ఉంచారు. పక్కలకు రెండు మూడు వరసల పలకలు వేసి, సందుల్లో జనపనార, సున్నం, చెట్టు నూనె కలిపి దట్టించారు. ఇటలీ వర్తకుడు మార్కోపోలో రాసినదీ ఇదే: పదమూడు దాకా గదులు, జోడు పలకలు, సున్నం, నార. గ్రంథం మాట బురదలో రుజువైంది. వెయ్యి మందిని మోసే ఓడ మాత్రం ఇది కాదు, ఆ లెక్కకు ఇది సాక్ష్యం ఇవ్వదు.

గదులు ఉన్నంత మాత్రాన ఏ ఓడా పగలదని కాదు. కాలికట్‌లో ఇబ్న్ బతూతా తన సామానునూ మనుషులనూ ఓడ ఎక్కించి, జుమా నమాజు కోసం తాను ఒడ్డున ఆగారు. ఆ రాత్రి తుపాను లేచింది. సుల్తాను కానుకలున్న పెద్ద ఓడ తీరానికి కొట్టుకుని ముక్కలైంది, అందులోని వారు మరణించారు. ఆయన సామానున్న చిన్న ఓడ తెరచాపలెత్తి వెళ్ళిపోయింది. ఆయన చేతిలో మిగిలినవి పది దీనార్లు, పడుకునే తివాచీ.