పసిపిల్లలకు భావ-శరీర సంబంధ బోధన: సాత్త్విక భావాల వెలుగులో

భావోద్రేకాన్ని గూర్చిన ఎఱుక బాలునికి మాటలకంటె ముందు దేహంలోనే కలుగుతుంది. పల్నాడులో నరసరావుపేట చెంతనున్న రొంపిచెర్ల వంటి గ్రామంలో అయిదారేండ్ల పిల్లవాడు బడివేళకు కడుపు నొప్పి అంటాడు. ఇంట ఉండమనగానే నొప్పి తగ్గుతుంది. ‘నాటకాలాడకు’ అని పెద్దలు గద్దించడం పరిపాటి. ఆ నాటకమనే మాటను నాట్యశాస్త్రం ముందుంచి చూస్తే విషయం తారుమారవుతుంది.

భరతుడు సప్తమాధ్యాయంలో స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిదింటిని సాత్త్విక భావాలుగా పేర్కొన్నాడు. సత్త్వం మనస్సునుండి పుడుతుందనీ, మనస్సు వేరొకచోట నున్నవాడు కన్నీటిని, గగుర్పాటును అభినయింపలేడనీ ఆయన మతం. ఆరితేరిన నటునికే మనస్సు లగ్నం కానిదే రానివి, పసివానికి వట్టి నటనగా వస్తాయనడం ఎట్లు పొసగుతుంది? కడుపు నొప్పి ఆ ఎనిమిదింటిలో లేదు. అయినా న్యాయం ఒకటే.

ఆధునిక శరీరశాస్త్రం ఈ వికారాలకు మార్గం చూపింది. డార్విన్ 1872లో భావప్రకటనలపై గ్రంథం రచించగా, వాల్టర్ కానన్ 1915లో భయక్రోధాల వలన కలిగే దేహవికారాలను ప్రయోగపూర్వకంగా వివరించాడు. భయవేళ మూత్రపిండాలపై నున్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి విడుస్తాయి. గుండె వడి హెచ్చుతుంది. చర్మంలోని సన్నని నాళాలు ముడుచుకొని ముఖం పాలిపోతుంది, ఇదే వైవర్ణ్యం. రోమమూలాలలోని చిన్న కండరాలు బిగిసి రోమాంచం కలుగుతుంది. లాలాజలం తగ్గి నోరెండుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. బాలుని కడుపులోని బాధ కల్పితం కాదనడానికి ఈ మాత్రం చాలు.

అయితే పిల్లలకు చెప్పవలసినవి ఈ పారిభాషిక పదాలు కావు. తెలుగు పలుకుబడిలోనే పాఠమంతా ఉన్నది: గుండె దడదడలాడడం, ఒళ్లు జలదరించడం, గొంతు పూడుకుపోవడం, ముచ్చెమటలు పోయడం. వీటిలో చిక్కులేకపోలేదు. కడుపుమంట అసూయకూ చెల్లుతుంది, అజీర్తికీ చెల్లుతుంది. గుండె జారిందంటే నిజంగానే జారిందనుకొనే వయస్సు అది. కనుక ముందు దేహాన్ని చూపి, పిదప మాటను చెప్పడం మేలు. నేలపై సుద్దతో మనిషి ఆకారం గీసి, భయం ఎక్కడ తోచిందో పిల్లలచేత రంగు వేయించవచ్చు. ఇది వట్టి ఆట కాదు. ఫిన్లాండు పరిశోధకులు 2014లో 701 మందిచేత ఇట్టి దేహచిత్రాలకే రంగులు వేయించి, ఒక్కొక్క భావానికి ఒక్కొక్క రూపురేఖ ఉన్నదని చూపారు. 2016లో అదే పద్ధతిని ఆరేండ్లు మొదలు పిల్లలపై పరీక్షించగా, వయస్సుతోపాటు ఆ చిత్రాలు స్పష్టమవుతున్నట్లు తేలింది. చిన్నవారికి ఆ భేదం ఇంకా మసకగానే ఉంటుందన్నమాట.

పల్నాటి బాలలకు కథ వెదకనక్కరలేదు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. బొంగరాలాటలో ఉన్న బాలచంద్రునికి యుద్ధవార్త తెలిసిన ఘట్టాన్ని చెప్పి, అతని పిడికిళ్లు, దవడలు, ఊపిరి ఎట్లు మారి ఉంటాయో పిల్లలనే చేసి చూపమనవచ్చు. ఊపిరిని మెల్లగా విడిస్తే బిగువు సడలుతుందని వారు అప్పుడే తెలుసుకొంటారు.

ఇక్కడ భరతుని మరియొక సూక్ష్మత ఉపకరిస్తుంది. స్వేదానికి భయం, క్రోధం, లజ్జలతోపాటు ఎండనూ, శ్రమనూ, రోగాన్నీ కారణాలుగా చెప్పాడు. కన్నీటికి ఆనంద శోకాలతోపాటు పొగ, కాటుకలను కూడ లెక్కించాడు. మేనెల ఎండలో చెమర్చిన చేయి వేరు, లెక్క రాక చెమర్చిన చేయి వేరు. ఉపాధ్యాయుడు ఒక్క గుర్తును బట్టి భావాన్ని నిర్ణయింపరాదు. ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏమి జరిగిందని బాలునే అడగాలి. జ్వరంతో, వాంతులతో కూడిన నొప్పినీ, రాత్రి నిద్రనుండి లేపే నొప్పినీ మాత్రం భయానికి అంటగట్టక వైద్యునికి చూపవలసి ఉంటుంది.