మెరుపు పూస్తే రాదు, గీకితే వస్తుంది

అబ్దుల్లాపూర్‌మెట్‌లో సాయంత్రం కడిగిన కారు తెల్లారేసరికి బూడిద కప్పుకుని కనిపిస్తుంది. ఒక పక్క విజయవాడ హైవే, మరో పక్క క్వారీలు, క్రషర్లు, కంకర టిప్పర్లు. పైన 40 డిగ్రీలు దాటే మే నెల ఎండ. మా పాత ఎర్ర కారు ఈ ఆరుబయటే పెరిగింది. పదిహేనేళ్లు దాటాక బానెట్, టాపు వెలిసి గులాబీ రంగుకు దిగాయి. వేలితో రాస్తే, సున్నం గోడకు వీపు ఆనించినట్టు, పొడి అంటుకునేది. చేత్తోనే రుద్ది మెరిపిద్దామని ఓ ఆదివారం కూర్చున్నాను. గల్లీలో తలా ఒక చిట్కా చెప్పారు. వాటిలో నిలబడినవి తక్కువే.

అపోహ: రంగు వెలిసిందంటే మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

వాస్తవం: చాలాసార్లు పాడయ్యేది పైపొరే. పెయింట్‌లో రంగు పొడిని పట్టి ఉంచే బంక రెజిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది చితుకుతుంది. పట్టు తప్పిన పొడి పైకి తేలి, ఉపరితలం గరుకవుతుంది. గరుకు మీద పడ్డ వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది.

బానెట్ మీద ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. తడి ఉన్నంతసేపు పాత రంగు కనిపిస్తే ఆశ ఉన్నట్టే. సన్నటి గుంటల్లో నీళ్లు నిండి ఉపరితలం చదునైంది, అందుకే ఆ రంగు. తడిపినా తెల్లమచ్చలు అలాగే ఉండి, అంచుల్లో పొర లేస్తుంటే మాత్రం రంగును కాచే పారదర్శక పొర, క్లియర్ కోటే ఊడిపోతోంది. దానికి పాలిష్ పనికిరాదు, పెయింటరే దిక్కు.

అపోహ: కిరోసిన్‌తోనో కొబ్బరినూనెతోనో తుడిస్తే కొత్త బండిలా ఉంటుంది.

వాస్తవం: ఇదీ ఆ చెంబు నీళ్ల కథే. గుంటల్లో నీళ్లకు బదులు నూనె నిండుతుంది, కాస్త ఆలస్యంగా పోతుంది. ఈలోగా రోడ్డు మీది దుమ్మంతా దాన్ని పట్టుకుంటుంది. కిరోసిన్ పనికొచ్చేది తారు మరకలకు. మరక కరిగాక వెంటనే షాంపూ నీళ్లతో కడిగేయాలి.

అపోహ: టూత్‌పేస్ట్ ఉంటే పాలిష్ ఎందుకు?

వాస్తవం: పేస్టులో మెత్తటి గరుకు పొడి ఉన్న మాట నిజమే. మసకబారిన హెడ్‌లైట్ మీద, వేలెడంత సన్న గీత మీద కొంత పనిచేస్తుంది. కానీ ఆ గరుకును పళ్ల కోసం కొలిచారు, పెయింట్ కోసం కాదు. బానెట్ అంతా రుద్దితే మెరుపు ఒకచోట, మసక ఒకచోట మిగులుతుంది.

అపోహ: మిషన్ పెయింట్‌ను తినేస్తుంది. చేత్తో ఎంత రుద్దినా ఏమీ కాదు.

వాస్తవం: గీకడం రెండిటి పనీ. మిషన్ త్వరగా గీకుతుంది, చెయ్యి మెల్లగా గీకుతుంది, తేడా అంతే. క్లియర్ కోటు మందం సాధారణంగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. తల వెంట్రుక దానికన్నా లావు. ఒకసారి గీకింది తిరిగి రాదు. అందుకే మెత్తటి పాలిష్‌తో మొదలుపెట్టాలి. దానికి లొంగకపోతేనే ఇంకా గరుకైన రబ్బింగ్ కాంపౌండ్ ముట్టుకోవాలి, ఆ తర్వాత మళ్లీ పాలిష్.

పనికి ఒక వరస ఉంది. కారు కడిగి ఆరాక, చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరపండి. వట్టి చేతికి తెలియని గరగర తెలుస్తుంది. అది పెయింట్‌లో నాటుకున్న ధూళి. మట్టిముద్దలాంటి క్లే బార్‌ను సబ్బునీళ్లతో జారిస్తే వదులుతుంది. తర్వాత పాలిష్ పట్టేటప్పుడు బండి నీడలో ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. వేడి రేకు మీద పాలిష్ క్షణాల్లో ఎండి అట్టకడుతుంది. రెండడుగుల చదరం చొప్పున, ముందుకూ వెనక్కీ తిన్నగా రుద్దండి. మైక్రోఫైబర్ గుడ్డ ఎప్పటికప్పుడు మడత మార్చండి.

గుడ్డకు కారు రంగు అంటిందని కంగారు వద్దు. క్లియర్ కోటు లేని పాత తరహా పెయింట్‌కు అది మామూలే. మాదీ అలాంటిదే, గుడ్డ కుంకుమలో ముంచినట్టయింది. క్లియర్ కోటు ఉన్న బండికి రంగు అంటితే మాత్రం ఆ కోటు అక్కడ అరిగిపోయినట్టు. వెంటనే ఆపేయాలి.

అపోహ: వ్యాక్స్ రాస్తే గీతలు పోతాయి.

వాస్తవం: మామూలు వ్యాక్స్ దేన్నీ గీకదు. వచ్చిన మెరుపును కొన్ని వారాలపాటు కాచే గొడుగు అది. కొన్ని రకాలు సన్న గీతలను కప్పి ఉంచుతాయి, నాలుగు వానలకు అవి మళ్లీ తేలతాయి. వెలిసిన పెయింట్ మీద నేరుగా వ్యాక్స్ రాయడం పెచ్చులూడే గోడకు వెల్ల వేయడంలాంటిది. గోరు తగులుకునేంత లోతు గీతనైతే పాలిష్ కూడా పోగొట్టలేదు.

అపోహ: రోజూ పొద్దున పొడి గుడ్డతో దులిపితే మెరుపు నిలుస్తుంది.

వాస్తవం: నిజానికి ఈ అలవాటు మెరుపును తినేస్తుంది. క్వారీల నుంచి లేచే గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. అది గాజునే గీస్తుంది, పెయింట్ ఒక లెక్కా? పసుపు గుడ్డతో పొడిగా తుడిచిన ప్రతిసారీ మనం ఉప్పుకాగితం పట్టినట్టే. ఎండలో చూస్తే సాలెగూడులా కనిపించే గీతలు దాని గుర్తులు. ముందు నీళ్లు పోసి దుమ్మును జార్చాలి, ఆపైనే గుడ్డ. బోరు నీళ్లతో కడిగితే ఆరనివ్వకుండా తుడవాలి, లేదంటే సున్నపు చుక్కలు మిగులుతాయి. బట్టల సోడా పొడి వద్దు, ఉన్న వ్యాక్స్‌ను కూడా ఎత్తుకుపోతుంది.

అపోహ: కవరు కప్పితే ఇక దిగులు లేదు.

వాస్తవం: ఎండను ఆపుతుంది, నిజమే. దుమ్ము మీదే కప్పితే గాలికి కదిలిన ప్రతిసారీ కవరే రుద్దుతుంది.

మా కారు ఎరుపు తిరిగొచ్చింది. దానితోపాటు బానెట్ అంచున బొటనవేలి గోరంత బూడిద మచ్చ కూడా వచ్చింది. అంచుల దగ్గర పెయింట్ పలచగా ఉంటుందని, అక్కడ ముందే టేపు అంటించాలని అప్పటికి నాకు తెలియదు. బాగా వస్తోంది కదా అని ఇంకో పది సార్లు రుద్దాను, అడుగున ఉన్న ప్రైమర్ బయటపడింది. ఎంత రుద్దాలి అని ఎవరైనా అడిగితే, మెరుస్తున్న బానెట్ కాదు, ఆ మచ్చే చూపిస్తాను.