వాడిన విలాసపు కారు: కొనుటకు ముందు చేయదగిన పరీక్ష



వాడిన మోటారుకారును కొనుటకు ముందు ఎట్లు పరీక్షింపవలెనో చెప్పుట నేటి నా ప్రసంగోద్దేశము. అన్ని కారులను గూర్చియు గాదు. క్రొత్తదిగా నున్నపుడు నలుబది, ఏబది లక్షలకు అమ్ముడుపోయి, ఎనిమిది పది సంవత్సరములు తిరిగిన పిమ్మట పదిలక్షలకో పండ్రెండు లక్షలకో మన వాకిట నిలుచు నడిమితరహా విలాసపు కారులను గూర్చి మాత్రమే చెప్పుదును. మెర్సిడెస్ బెంజ్ వారి సి, ఇ తరగతులు, బీఎండబ్ల్యూ వారి మూడవ, అయిదవ శ్రేణులు, ఆడి వారి ఏ4, ఏ6 ఈ జాతివి. బెంజ్ కారులు 1995 నుండి పూనా ప్రాంతమునను, బీఎండబ్ల్యూ కారులు 2007 నుండి చెన్నపట్టణము చెంతను మన దేశముననే కూర్పబడుచున్నవి. కనుకనే నేడు మూడు చేతులు, నాలుగు చేతులు మారినవి సంతలో విరివిగా దొరకుచున్నవి.

వ్యాకరణము చెప్పి జీవించిన వృద్ధునకు ఈ ముచ్చట యేల యని కొందరు నవ్వుకొందురు. కారును కొనుటలో సగము యంత్రమును చదువుట, సగము కాగితములను చదువుట. రెండవది నా విద్యయే. మొదటిదానికై మా యూరి మెకానిక్కుల చెంత కూర్చుండి, వారు విసుగుకొనువరకు ప్రశ్నలడిగి నేర్చుకొంటిని. నా పూర్వశిష్యులు కొందరు కారు కొనబోవునపుడు నన్ను వెంటబెట్టుకొని పోవుటచేత ఈ యక్కర కలిగినది.

మా జడ్చర్ల హైదరాబాదునకు సుమారు 85 కిలోమీటర్ల దూరమున, బెంగుళూరు పోవు 44వ జాతీయ రహదారిపై నున్నది. మహబూబునగరము మీదుగా రాయచూరు పోవు బాటయు, కల్వకుర్తి పోవు బాటయు ఇచ్చటనే కలియును. పల్లికాయ బస్తాలతో బాదేపల్లి మార్కెట్టునకు ఎద్దులబండ్లు వచ్చిన తోవలనే నేడు ఉభయ మహానగరముల కారులును వచ్చుచున్నవి. రహదారి ప్రక్క భూముల వెల పెరిగినది. రెండెకరములు అమ్మిన యింటిలో మొదట పుట్టు కోరిక ఇల్లు, రెండవది కారు. ఆ కోరికను నేను నిందింపను. తండ్రి యెండలో నడచిన బాటపై కొడుకు చల్లని కారులో పోవలె ననుకొనుట తప్పుగాదు. కాని అమ్మిన భూమి మరల రాదు. దాని సొమ్ముతో కొన్నది రెండవ వానకాలమునకే ఇంటిముందు కదలక నిలిచినచో ఆ కుటుంబమునకు కలుగునది చిన్న నష్టము గాదు.

ముందుగా వెల సంగతి. ఏబదిలక్షల కారు పదిలక్షలకు వచ్చినపుడు కారు వెల తగ్గినదే గాని, దాని విడిభాగముల వెల తగ్గలేదు. దాని ముందుదీపము, గేరుబాక్సు, చక్రములపై నుండు గాలిసంచులు ఇప్పటికిని ఏబదిలక్షల కారువే. పదిలక్షల క్రొత్తకారునకగు మరమ్మతు ఖర్చును మనసులో నుంచుకొని దీనిని కొనువాడు మొదటి సంవత్సరమే చిక్కువడును. ఈ కంపెనీల సేవాశాలలు మన తాలూకాలలో లేవు. చిన్న లోపమునకును హైదరాబాదు పోవలెను. కదలని కారైనచో మరియొక బండిపై నెక్కించి పంపవలెను. అందుచేత చేత నున్న సొమ్మంతయు బేరమున పోయక, ఆరింట నొకవంతు మొదటి యేటి మరమ్మతులకు వేరుగా నుంచవలెననునది నా మతము. పండ్రెండు లక్షలున్నవాడు పదిలక్షల కారును చూడవలెను.

మన పెద్దలు పశువుల సంతలో ఎద్దును ఎట్లు కొనెడివారో జ్ఞాపకము చేసికొనుడు. అమ్మువాని మాట వినెడివారు. విని, ఎద్దు నోరు తెరచి పండ్లు చూచెడివారు. నడిపించెడివారు, గిట్టలు తట్టెడివారు, అరక కట్టి ఒక సాలు దున్నించెడివారు. గుఱ్ఱముల విషయమున ఈ విద్య యెంత పెరిగినదనగా, మనుమంచి భట్టు హయలక్షణవిలాసమని ఒక గ్రంథమునే వ్రాసెను. కారునకును పండ్లు గలవు. టైరు ప్రక్కన అచ్చొత్తిన గుర్తులలో నాలుగంకెల ముద్ర యొకటి యుండును. 2319 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. అద్దముల మూలలందును సంవత్సర సూచన యుండును. అన్ని అద్దములు ఒక్కయేటివై, ఒక తలుపు అద్దము మాత్రము తరువాతిదైనచో ఆ తలుపునకు ఏమి జరిగినదని యడుగవలెను.

మీటరు నలువది వేల కిలోమీటర్లే చూపుచుండగా స్టీరింగు చక్రపు తోలు నునుపెక్కి, బ్రేకు పెడలుపై రబ్బరు అరిగి, డ్రైవరు సీటు అంచు చినిగియున్నచో మీటరు మాట నమ్మరాదు. అంకెలను వెనుకకు త్రిప్పు విద్య తెలిసినవారు కలరు. అయినను ఈ జాతి కారులలో ఒకటికి మించిన కంప్యూటరు పెట్టెలు తిరిగిన దూరమును తమలో వ్రాసికొనుచుండును. కంపెనీ సేవాశాలలో ప్రతి సర్వీసునాటి దూరము పదునేడు అక్షరముల ఛాసీ నంబరు క్రింద నమోదగును. అమ్మువాని యనుమతితో ఆ చరిత్రను తెప్పించి చూడుట అన్నిటికంటె ముందు చేయవలసిన పని. అనుమతి యిచ్చుటకు వెనుదీయువాని కారును చూడబోవుటయే యనవసరము.

ఇక జలగండము. ఈ ప్రసంగమున నేను నొక్కి చెప్పదలచినది ఇదియే. 2020 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదులో కురిసిన కుంభవృష్టి మీకు జ్ఞాపకముండును. గగన్‌పహాడ్ కడ అప్పచెరువు తెగి, మా యూరికి వచ్చు ఈ 44వ రహదారినే కోసివేసినది. బాటపై నున్న వాహనములు కొట్టుకొనిపోయినవి. నగరమున ఇండ్ల నేలమాళిగలలో నిలిపిన కారులు నీట మునిగినవి. 2015 డిసెంబరులో చెన్నపట్టణమునను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడ సింగునగరు ప్రాంతమునను ఇట్లే జరిగినది. అట్లు మునిగిన కారులన్నియు తుక్కు క్రింద పోయినవని తలపరాదు. మరమ్మతు ఖర్చు భీమా విలువలో 75 శాతమును మించినచో భీమా కంపెనీ దానిని పూర్తి నష్టముగా లెక్కించి యజమానికి సొమ్ము చెల్లించును. మిగిలిన కారును ఎవరో యొకరు వేలములో కొందురు. కొన్నవారిలో కొందరు విడిభాగములకై విప్పుదురు. మరికొందరు కడిగి, ఆరబెట్టి, లోపలి తోలు మార్చి, అత్తరు చల్లి మరల సంతకు తెత్తురు. అమెరికాలో పెక్కు రాష్ట్రములవారు అట్టి కారు యాజమాన్యపత్రముపైననే వరదలో మునిగినదని ముద్ర వేయుదురు. మన రిజిస్ట్రేషను పత్రముపై అట్టి ముద్ర లేదు. కనుక మనమే కనిపెట్టవలెను.

మునిగినదైనను ఆరిన పిదప నడచుచున్నది గదా, భయమేల యని యడుగుదురు. పాతకాలపు అంబాసిడరు కారైనచో నేనును అంతగా భయపడను. ఈ విలాసపు కారులలో సీట్ల క్రిందను, కాళ్లక్రింది తివాచీ యడుగునను, డిక్కీ ప్రక్కలను కంప్యూటరు పెట్టెలును, వందలకొలది తీగల ముడులును ఉండును. బురదనీరు తగిలిన రాగితీగ ఒక్కనాటితో చెడదు. పచ్చబడి, తుప్పుపట్టి, నెలల మీద చెడును. కొన్ననాడు అన్ని దీపములు వెలుగును. ఆరు నెలలకు తలుపు తాళము పడదు, ఆ పిదప గేరు మారదు, చివరకు ప్రాణరక్షణకై యుంచిన ఎయిర్‌బ్యాగు అవసరమునకు విచ్చుకొనునో లేదో చెప్పజాలము.

పరీక్ష సులభమే. సీటుబెల్టును చివరికంట లాగుడు; కడపటి జానెడు భాగము ఎవరును కడుగరు, బురదచార అచ్చటనే నిలుచును. తివాచీ అంచు ఎత్తి క్రింది మెత్తను చేతితో నొక్కి చూడుడు. సీట్లను నేలకు బిగించిన బోల్టులపై తుప్పును, వానిని విప్పి మరల బిగించిన గీతలను వెదకుడు. డిక్కీలో నేలపలకను తీసి గుంటను చూడుడు. గాలి వడపోత పెట్టెను తెరచి అడుగున ఒండ్రు పేరుకొన్నదేమో చూడుడు. దీపముల యద్దములో లోపలివైపు నీటి చార యున్నదా? అద్దములన్నియు మూసి, కారును ఎండలో ఒక గంట నుంచి, తలుపు తెరచినంతనే వాసన చూడుడు. అత్తరు ఎక్కువగా గుబాళించు కారును చూడగానే నాకు అనుమానము కలుగును. నా శిష్యుడొకడు నగరమున ఒక వర్తకుని యొద్ద తెల్లని కారు నొకదానిని చూచి బయానా ఇచ్చుటకు జేబులో చేయి పెట్టెను. వెనుకసీటు బెల్టును నేను లాగితిని. మూరెడు పట్టీ గోధుమవన్నెలో వచ్చినది. వానలో అద్దము మూయుట మరచితిమని వర్తకుడనెను. అద్దముగుండ వచ్చిన వాన బెల్టుచుట్ట లోనికి బురదను తేదు గదా! మేము టీ త్రాగి తిరిగివచ్చితిమి.

యంత్రమును చూచుటకు ప్రొద్దుననే పోవలెను. మేము వచ్చువరకు కదలింపవద్దని ముందే చెప్పవలెను. ముందుగా వేడెక్కించిన యింజను తన రోగమును దాచుకొనును. చల్లని యింజనును తిప్పినపుడు మొదటి క్షణములలో గొలుసు గలగలయు, తాళము తప్పిన మ్రోతయు వినబడును. 2007 మొదలు కొన్ని సంవత్సరములు బీఎండబ్ల్యూ డీజిలు కారులలో పెట్టిన ఎన్47 అను ఇంజనునకు టైమింగు గొలుసు వెనుకవైపున, గేరుబాక్సు ప్రక్క నుండును. ఆ గొలుసు అరిగి తెగుట పలుదేశములలో వినవచ్చిన ఫిర్యాదు. దానిని మార్చుటకు యంత్రమంతయు దింపవలసినంత పని. ఇట్టి కారును చూచునపుడు గొలుసు మార్చిన రసీదు ఉన్నదా యని యడుగవలెను. నీలిపొగ వచ్చిన నూనె కాలుచున్నది. వేడెక్కిన పిదపయు తెల్లపొగ ఆగనిచో చల్లబరచు నీరు లోనికి దిగుచున్నది.

స్టీరింగు క్రింద పదునారు సూదుల సాకెటొకటి యుండును. మెకానిక్కు తన యంత్రమును దానికి తగిలించి కారు చెప్పుకొను లోపముల చిట్టా తీయును. చిట్టా శూన్యముగా నున్నదని వెంటనే సంతోషింపరాదు. అమ్ముటకు ముందురోజు చెరిపివేసిన చిట్టాయు శూన్యముగానే యుండును. అట్లు చెరిపినపుడు కారు స్వయముగా చేసికొను పరీక్షలు అసంపూర్ణములని అదే యంత్రము చూపును. తెలిసిన మెకానిక్కు ఆ పుటను తప్పక చూచును. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె జీవితకాలము మార్చనక్కరలేదని కొందరు చెప్పుదురు. పెక్కు కారులకు ఈ గేరుబాక్సులు చేయు జర్మనీ దేశపు జెడ్ఎఫ్ కంపెనీవారే 80 వేలు మొదలు 1,20,000 కిలోమీటర్లలోపల మార్చుమనుచున్నారు. ఎవరి జీవితకాలమో విచారింపవలెను.

మరియొక మాట. 2020 ఏప్రిలు నుండి వచ్చిన బీఎస్-6 డీజిలు కారులలో పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ గలదు. అప్పుడప్పుడు దూరప్రయాణమున వేడెక్కి ఆ మసి కాలిపోవలెను. దినమునకు ఇంటినుండి అంగడికి మూడు కిలోమీటర్లు తిరుగువాడు డీజిలు కారు కొన్నచో జల్లెడ మూసికొనును. అతనికి పెట్రోలు కారే మేలు. ఈ కారులన్నియు నేలకు తక్కువ యెత్తున నుండునవి. మన యూళ్ల స్పీడు బ్రేకరులపై కడుపు రాచుకొనును. ర్యాంపుపై నెక్కించి అడుగుభాగమును దీపముతో చూడక కొనరాదు. రంగుమందమును కొలుచు చిన్న పరికరము మెకానిక్కులయొద్ద నుండును. కంపెనీ రంగు సుమారు 100 నుండి 180 మైక్రానులు. ఒక తలుపు మాత్రము 600 చూపినచో అచ్చట రంగు క్రింద మెత్తిన పుట్టీ యున్నది. గీత పడి రంగు వేసిన తలుపునకు భయపడనక్కరలేదు. పైకప్పు స్తంభములపై పుట్టీ యున్నచో ఆ కారును విడువవలెను.

ఇక కాగితములు. రిజిస్ట్రేషను పత్రముపై నున్న ఛాసీ, ఇంజను నంబరులను కారుపై నున్నవానితో అక్షరమక్షరము పోల్చుడు. స్వంత కారు రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లకే చెల్లును. పదవయేట కొన్నవానికి అయిదేండ్లే మిగులును. అప్పుపై కొన్న కారైనచో పత్రముమీద బ్యాంకు పేరుండును. ఆ అప్పు తీరినదని బ్యాంకు ఇచ్చు లేఖయు, 35వ ఫారమును లేనిదే సొమ్ము చెల్లింపరాదు. బెంగుళూరు నుండియో ఢిల్లీ నుండియో వచ్చిన కారైనచో అచ్చటి రవాణా కార్యాలయపు నిరాక్షేపణ పత్రము, అనగా 28వ ఫారము, కావలెను; మన రాష్ట్రమున జీవితకాలపు పన్ను మరల కట్టవలెను. ఢిల్లీ కారుల చౌకదనమునకు కారణము వేరు. పది యేండ్లు దాటిన డీజిలు కారులు ఆ ప్రాంతమున తిరుగరాదని 2015లో హరిత ధర్మాసనము ఆజ్ఞాపింపగా, 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచెను. 2025లో ఆ కోర్టే కొంత సడలింపు నిచ్చెను. ఆ నడుమ దక్షిణమునకు వచ్చిన కారులు అనేకములు. పన్ను కలిపి లెక్కించినపుడు వాని చౌకదనము తరచుగా కరగిపోవును.

యాజమాన్యము మార్పునకు 29, 30 ఫారములపై అమ్మువాడు మన యెదుటనే సంతకము చేయవలెను. తేదీ లేని ఖాళీ ఫారములను తీసికొని మధ్యవర్తి చేతిలో నుంచుట మన వైపున వాడుకయై పోయినది. అమ్మువానికే అది మిక్కిలి ప్రమాదము. కారు చేయి మారినను రిజిస్టరులో పేరు మారనిచో, ప్రమాదమున దెబ్బతిన్నవారికి పరిహారమీయవలసినవాడు రిజిస్టరులో నున్నవాడే యని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కొన్నవాడు భీమాను తన పేరునకు మార్చుమని 14 దినములలో కోరవలెను. పాత యజమానికి భీమాలో లభించిన క్లెయిములేని తగ్గింపు అతనితోనే పోవును గాని కారుతో రాదు. అమ్మువాడు దానిని చూపి వెల పెంచినచో ఒప్పుకొనవద్దు. చెల్లింపని చలానులను పోలీసువారి జాబితాలో నంబరు చెప్పి చూడవచ్చును.

సొమ్ము బ్యాంకు ద్వారా, రిజిస్ట్రేషను పత్రములో పేరున్న వ్యక్తి ఖాతాకే పోవలెను. మధ్యవర్తి ఖాతాకు గాదు. తాళపుచెవులు రెండును తీసికొనుడు, రెండవదాని ఖరీదు విన్నచో ఆశ్చర్యపడుదురు. కారును ఇంటికి తెచ్చునాడు ఒక కాగితముపై ఉభయులు సంతకములు చేసి, మీటరు దూరమును, తేదీని, గంటను, నిమిషమును వ్రాసికొనవలెను. ఆ నిమిషమునకు ముందటి చలానులు అమ్మినవానివి, తరువాతివి కొన్నవానివి.